ముందు వెళ్లి ఆగడం వేరు, కలిసి తొక్కడం వేరు

నిరుడు వేసవిలో మేం ఆరుగురు మిత్రులం ఒకే రోజులో 200 కిలోమీటర్లు తొక్కాలని సైకిళ్ల మీద బయలుదేరాం. ప్రతి నలభై కిలోమీటర్లకూ ఆగాలన్నది ఒప్పందం. మూడోసారి ఆగినప్పుడు జరిగిన ఒక చిన్న సంగతి ఇప్పటికీ నా మనసులోంచి పోవడం లేదు. మేం ఐదుగురం అప్పటికే పావుగంటగా చెట్టు నీడలో కూర్చుని, తిని, తాగి, కాళ్లు చాపుకుని ఉన్నాం. మాలో అందరికంటే పెద్దవాడైన మిత్రుడు చెమటతో తడిసిపోయి వచ్చి సైకిల్ దిగారు. ఆయన కనబడగానే మేం లేచి హెల్మెట్లు పెట్టుకోవడం మొదలుపెట్టాం. ఆయన అప్పుడే బాటిల్ మూత తీశారు. "ఫరవాలేదా అన్నా?" అని అడిగింది నేనే. ఆయన ఒక్క గుక్క తాగి, మూత ఇంకా చేతిలో ఉండగానే, "ఫరవాలేదు, పదండి" అన్నారు. మరో ముప్పై కిలోమీటర్లు వెళ్లాక రోడ్డు పక్కన కూలబడిపోయారు. జేబులో తినడానికి ఉన్నదాని కాగితం చించడానికి కూడా ఆయన వేళ్లు సహకరించలేదు. నేను చించి ఇచ్చాను.

ఆ రోజు లోపం ఆయన శక్తిలో లేదు, మా పద్ధతిలో ఉంది. ప్రతి మజిలీలోనూ ఆయన కోసం ఎదురుచూశాం కాబట్టి ఎవరినీ వదిలిపెట్టలేదన్న తృప్తి మాకు ఉండేది. కానీ మేం విశ్రాంతి తీసుకుంటున్న సమయమంతా ఆయన తొక్కుతూనే ఉన్నారు. ఆయన వచ్చే వేళకు మా విశ్రాంతి పూర్తయ్యేది, ఆయనది మొదలుకాకుండానే ముగిసేది. అందరికంటే ఎక్కువ అలసిన మనిషికి అందరికంటే తక్కువ విరామం దొరికే ఏర్పాటును మేం స్నేహం అనుకున్నాం. మన సంఘాల్లో నలభై, యాభై దాటాక సైకిల్ ఎక్కి, వారాంతాల్లో గుంపులుగా దూరాలు తొక్కుతున్నవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువ గుంపులు ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయని నాకు అనిపిస్తుంది కనుక ఈ విషయం రాయక తప్పడం లేదు.

శరీరం సంగతి ముందు చెప్పుకుందాం. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెర, గట్టిగా తొక్కితే దాదాపు రెండు గంటల్లో అడుగంటుతుంది. ఆ తర్వాత ప్రయాణమంతా దారిలో తినేదాని మీదనే సాగాలి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. అది అందకపోతే కాళ్లు బరువెక్కి, చేతులు వణికి, ఆలోచన కూడా మందగిస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లు దీన్నే బాంక్ కావడం అంటారు. ఇందులో ఉన్న ప్రమాదం ఏమిటంటే, ఆ స్థితికి చేరిన మనిషికి తాను తినాలన్న సంగతి కూడా సరిగ్గా తట్టదు. ఆగే అవకాశం లేని మనిషి తినే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటాడు. మా మిత్రుడికి జరిగింది అదే.

ముందు వెళ్లి ఆగడం వల్ల కనీసం బలమైనవాళ్లకైనా లాభం ఉందా అంటే, లెక్క వేసి చూస్తే అదీ లేదు. ముందున్నవాళ్లు గంటకు 28 కిలోమీటర్ల వేగంతో, వెనక ఒంటరిగా మిగిలిన మిత్రుడు 24 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారని అనుకుందాం. నలభై కిలోమీటర్లకు వాళ్లకు 86 నిమిషాలు పడితే ఆయనకు 100 నిమిషాలు పడతాయి. మిగిలిన 14 నిమిషాలూ వాళ్లు నీడలో కూర్చుంటారు. ఇలా ఐదుసార్లు జరిగితే 200 కిలోమీటర్ల దారిలో ముందున్నవాళ్లు సంపాదించిన సమయమంతా ఎదురుచూపుల్లోనే ఖర్చవుతుంది. అందరూ ఇల్లు చేరేది ఆయన చేరినప్పుడే. అంటే కనీస విరామాలు కలపకుండానే 8 గంటల 20 నిమిషాలు. అదే మిత్రుణ్ణి గాలి తగలకుండా మధ్యలో పెట్టుకుని అందరూ 26 కిలోమీటర్ల వేగంతో కలిసి వెళ్తే 7 గంటల 42 నిమిషాల్లో దూరం ముగుస్తుంది. ఆయన 26తో తొక్కగలరా అని అడగవచ్చు. ఒంటరిగా ఆయన తొక్కలేరు, మరొకరి వెనక ఉంటే తొక్కగలరు. గుంపుగా వెళ్లడానికి ఉన్న అసలు కారణమే అది.

చదునైన దారిలో గంటకు 30 కిలోమీటర్ల వేగం దగ్గర మన శ్రమలో నాలుగింట మూడు వంతులు గాలిని తోసుకుంటూ వెళ్లడానికే సరిపోతుంది. దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగం పెరిగే కొద్దీ విపరీతంగా పెరుగుతుంది. 25 నుంచి 30కి వెళ్తే వేగం పెరిగేది ఐదో వంతే అయినా, గాలికి పెట్టవలసిన శక్తి 70 శాతానికి పైగా పెరుగుతుంది. ముందున్న చక్రానికి దగ్గరగా, దాని నీడలో ఉన్నట్టు తొక్కేవాడికి ఈ శ్రమలో దాదాపు పావు నుంచి మూడో వంతు దాకా కలిసివస్తుంది. అందుకే బలం తక్కువైన మిత్రుడి స్థానం వరుస చివర కాదు, మొదటివాడి వెనకనే రెండో స్థానం. చాలా గుంపుల్లో మర్యాద కొద్దీ, మొహమాటం కొద్దీ ఆయనే చివరికి జరుగుతారు, ఎవరూ వద్దనరు. కానీ వరుస చివర చాలా కష్టమైన చోటు. ముందువాడు మలుపులో కాస్త బ్రేకు వేస్తే ఆ ఆలస్యం ఒక్కొక్కరి దగ్గరా పెరుగుతూ వచ్చి చివరివాడి ముందు పెద్ద ఎడం ఏర్పడుతుంది. దాన్ని పూడ్చుకోవడానికి అతడు ప్రతి మలుపు తర్వాతా పరుగు తీయవలసి వస్తుంది. పూడ్చుకోలేకపోతే గాలిలో ఒంటరివాడవుతాడు. అక్కడి నుంచి ఎడం పెరగడమే తప్ప తగ్గడం ఉండదు.

ఎక్కుడు దారి మాత్రం వేరు. అక్కడ వేగం పడిపోతుంది కాబట్టి గాలి లెక్క చిన్నదవుతుంది, ఒంటి బరువుకూ కాళ్ల బలానికీ మధ్య ఉన్న నిష్పత్తే మాట్లాడుతుంది. ఎవరి వేగంతో వాళ్లు ఎక్కడమే అక్కడ న్యాయం. ఇతరుల వేగానికి కట్టుబడి ఎక్కించడం వల్ల ఇద్దరికీ ఇబ్బందే. పైన ఆగి ఎదురుచూడటం అక్కడ తప్పదు, తప్పు కూడా కాదు. అయితే విరామం కొలిచే గడియారం చివరి మనిషి పైకి చేరి, దిగి, ఊపిరి తీసుకున్న తర్వాతనే మొదలుకావాలి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 1897లో ఇటలీలో పన్నెండు మంది సైక్లిస్టులు రోమ్ నుంచి నేపుల్స్ దాకా దాదాపు 230 కిలోమీటర్లు పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దు గుంకేలోగా చేరాలని పూనుకున్నారు. సాహసి అనే అర్థమున్న ఆడాక్స్ అనే లాటిన్ మాట ఈ క్రీడకు అక్కడి నుంచే వచ్చింది. 1904లో, టూర్ ద ఫ్రాన్స్ పందేన్ని మొదలుపెట్టిన హెన్రీ డెగ్రాంజ్ దాన్ని ఫ్రాన్స్‌కు తెచ్చారు. ఆ పద్ధతిలో గుంపుకు ఒక సారథి ఉంటాడు. అతడే వేగాన్ని నిర్ణయిస్తాడు, అతన్ని దాటి ఎవరూ ముందుకు వెళ్లరాదు. ఈ సంప్రదాయాన్ని నేటికీ పాటించేవారు చదునైన దారిలో గంటకు 22.5 కిలోమీటర్ల నియమిత వేగంతో కలిసి బయలుదేరి కలిసి చేరతారు. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే సంఘం రెండో పద్ధతిని మొదలుపెట్టింది. అందులో ఎవరి వేగం వారిది, సమయానికి మాత్రమే హద్దు. ఇప్పుడు ప్రపంచమంతటా జరిగే బ్రెవేలు, అంటే గడువులోగా ముగించవలసిన దూరప్రయాణాలు, చాలావరకు ఇవే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. 1891లో పందెంగా మొదలై, ఇప్పుడు నాలుగేళ్లకు ఒకసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌లో 1200 కిలోమీటర్లకు అత్యధిక గడువు 90 గంటలు. తిండి, నిద్ర, పంక్చర్ అన్నీ ఆ గడువులోపలే.

ఈ రెండు పద్ధతులూ నిజాయితీ గలవే. మొదటిదానిలో నేను గుంపుకు కట్టుబడతానని ముందే చెబుతున్నాను. రెండోదానిలో నా దారి నాదని ముందే చెబుతున్నాను, కాబట్టి వెనకబడినవాడు కూడా దానికి సిద్ధపడే వస్తాడు. మనం చేస్తున్నది రెండూ కాదు. పిలిచేటప్పుడు "అందరం కలిసి వెళ్దాం" అంటాం, మొదటి పది కిలోమీటర్లు దాటగానే ఎవరి వేగం వారిది అవుతుంది. కలిసి వెళ్దామన్న మాట నమ్మి వచ్చిన మనిషి, పంక్చర్ సామాను మరొకరి దగ్గర ఉందని, దారి మరొకరి ఫోనులో ఉందని తెలిసి, ఒంటరిగా మిగిలిపోతాడు. నా అభ్యంతరం అంతా దీని మీదనే. ఏ పద్ధతి అన్నది ఇల్లు కదలకముందే నోరు తెరిచి చెప్పుకోవాలి.

మన ఫోన్లలోని యాప్‌లు ఈ అలవాటును ఇంకా పెంచుతున్నాయి. స్ట్రావా వంటివి సైకిల్ సగటు వేగాన్ని చక్రం కదిలిన సమయం మీదనే లెక్కగడతాయి, ఆగిన సమయాన్ని పక్కన పెడతాయి. అందువల్ల 28తో తొక్కి పావుగంట కూర్చున్నవాడి పేరు పక్కన 28 అనే కనిపిస్తుంది. స్నేహితుడికి గాలి అడ్డుపెడుతూ 26తో వచ్చినవాడు ఆ పట్టికలో వెనకబడ్డట్టు కనిపిస్తాడు. ఎవరు ఎవరికి ఎంతసేపు గాలి కాచారన్నది ఏ తెర మీదా కనబడదు. బ్రెవే గడియారం ఆగదు కాబట్టి దాని లెక్కే నాకు సబబుగా తోస్తుంది. గేర్లున్న సైకిల్ కోసం, దూరప్రయాణాల కోసం జీవితమంతా వాదించి, 1930లో కన్నుమూసిన పాల్ ద వివీ అనే ఫ్రెంచి పెద్దమనిషి, ఆకలి కాకముందే తినాలని, దాహం వేయకముందే తాగాలని చెబుతూ, గొప్ప కోసం ఎన్నడూ పెడల్ తొక్కవద్దని కూడా చెప్పారు.

బలమైన మిత్రులు చెప్పే మాట ఒకటి ఉంది: "నెమ్మదిగా వెళ్తే నాకు సాధన ఎలా అవుతుంది?" ఆ ప్రశ్న సబబైనదే. దానికి నా జవాబు, ముందు నిలబడండి అని. ఎదురుగాలిలో వరుస ముందు 26తో తొక్కేవాడు, మరొకరి వెనక దాగి 28తో తొక్కేవాడికంటే గాలికి ఎక్కువ శక్తి పెడతాడు. శక్తి ఎక్కువ ఉన్నవాడు ముందు ఎక్కువసేపు ఉండాలి, వేగం మాత్రం పెంచరాదు. ముందుకు రాగానే ఊపు పెంచడం, పక్కన తొక్కుతూ అర చక్రం ముందుకు పోవడం, ఈ రెండూ గుంపును చీల్చేస్తాయి. అవి చేసేవారికి తాము చేస్తున్నట్టు కూడా తెలియదు, కాబట్టి పక్కవారు మొహమాటం లేకుండా చెప్పాలి. ఎదురుగాలి వచ్చినప్పుడు కూడా వేగం అంకెను పట్టుకుని వేలాడకుండా, శ్రమ సమానంగా ఉండేలా వేగాన్ని తగ్గించుకోవాలి. ఇదంతా చేసినా సాధన చాలదనిపిస్తే, దానికి వారంలో మరో రోజు ఉంది.

నెమ్మదిగా తొక్కేవారి మీద కూడా బాధ్యత ఉంది. వంద కిలోమీటర్లు ఒక్కసారీ తొక్కకుండా రెండు వందలకు వచ్చి, ఆ సంగతి దాచడం తోటివారికి న్యాయం కాదు. అయితే దాచడానికి కారణం సిగ్గు, ఆ సిగ్గుకు మనం అలవాటుగా వాడే మాట "ఫరవాలేదు". దూరప్రయాణంలో ఇంతకంటే ప్రమాదకరమైన మాట నాకు తెలియదు. "ఎలా ఉన్నావు?" అని అడిగితే ఆ మాటే జవాబుగా వస్తుంది, నేను అడిగినప్పుడు వచ్చింది కూడా అదే. ఇప్పుడు మేం అలా అడగడం మానేశాం. "చివరిసారి ఎప్పుడు తిన్నారు? బాటిల్‌లో నీళ్లు ఎంత ఉన్నాయి?" అని అడుగుతున్నాం. వీటికి ఫరవాలేదు అని జవాబు చెప్పడం కుదరదు. నీళ్లు తాగని బాటిల్ నిండుగా కనిపిస్తూనే ఉంటుంది.

ఈ ఏడాది అదే దారిలో అదే ఆరుగురం మళ్లీ వెళ్లాం. ఆయన మొదటి నుంచీ రెండో స్థానంలోనే ఉన్నారు. ఇద్దరం మాత్రమే వంతులవారీగా ముందు నిలిచాం, మిగిలినవారు వెనక నుంచి వచ్చే వాహనాలను, వరుసలో పెరిగే ఎడాన్ని గమనిస్తూ కేక వేసి చెబుతూ వచ్చారు. ఎడం పెరిగిందని కేక వినబడగానే ముందున్నవాడు ఒకటి రెండు కిలోమీటర్లు వేగం తగ్గించాడు. మూడో మజిలీలో అందరం ఒకేసారి దిగాం. అదే చెట్టు. ఆయన బాటిల్ మూత తీసి నిదానంగా తాగారు, తెచ్చుకున్నది పూర్తిగా తిన్నారు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంకా కూర్చునే ఉన్న మా వైపు చూసి, మూత బిగిస్తూ, "పదండి" అన్నారు.