'ఫైనల్_కొత్తది_ఇదే_వాడాలి_7' అనే ఎక్సెల్ షీటుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ షీటు గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను ఒక మోస్తరు క్షేమం. తెరుచుకోవడానికే నాలుగు నిమిషాలు తీసుకుంటున్నావు కాబట్టి నీ క్షేమం అడగను. 'గారు' అని మొదలుపెట్టి 'నువ్వు'లోకి దిగానని నొచ్చుకోకు. పదకొండేళ్ల చనువు.

కబురు నీ దాకా వచ్చే ఉంటుంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆఫీసులో కొత్త సిస్టమ్. ఇక నీతో పని లేదట. మీటింగులో ఆ మాట చెప్పగానే అందరూ నా వైపు తిరిగారు, చావు కబురు చెప్పి ఇంటి పెద్ద మొహం చూసినట్టు.

నీ ఘనత వాళ్లకేం తెలుసు? నలభై ఆరు ట్యాబులు, అందులో పద్నాలుగు దాచిపెట్టినవి. పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. 'ఈ కాలమ్ ముట్టుకోవద్దు' అని ఎర్రరంగులో రాసింది నేనే. ఎందుకు ముట్టుకోకూడదో మాత్రం ఇప్పుడు నాక్కూడా గుర్తులేదు. ఒకాయన ముట్టుకున్నాడు. నెలాఖరు లెక్కలన్నీ 'రెఫ్, రెఫ్' అంటూ ఎర్రర్లతో నిండిపోయాయి. నేను వచ్చి సరిచేసేదాకా ఎవరి పనీ కదల్లేదు. ఎంత మంచి రోజది! సెలవులో ఉండగా ఆఫీసు నుంచి ఫోనొస్తే విసుక్కునేవాణ్ణి. రాకపోతే కంగారుపడేవాణ్ణి.

నీకోసం నేను చెయ్యని యుద్ధం లేదు. డెమో చూపించిన ప్రతిసారీ "బాగుందండీ, కానీ మన కేసులు వేరు" అన్నాను. ఆ 'వేరు' కేసుల జాబితా అడిగితే ఎనభై మూడు రాసిచ్చాను. అందులో యాభై దాకా పదకొండేళ్లలో ఒక్కసారే వచ్చినవి. ట్రయల్‌లో కొత్త సిస్టమ్ ఒకచోట దశాంశ బిందువు తప్పు పెడితే నాకు పట్టలేని ఆనందం. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. నా విషయంలో సామెత తిరగబడింది.

ఈ జబ్బుకు పేరుందని తర్వాత తెలిసింది. స్టేటస్ కో బయాస్. 1988లో విలియం శామ్యూల్సన్, రిచర్డ్ జెక్‌హౌజర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రయోగాలు చేసి మరీ చూపించారు. నాలుగు దారులుంటే వాటిలో ఒకటి 'ఇప్పుడు నడుస్తున్నది' అని చెబితే చాలు, అటు మొగ్గేవాళ్లు పెరుగుతారట. 'మంచిది' అననక్కర్లేదు, 'ఉన్నది' అంటే సరిపోతుంది.

అయినా నన్నంటావేం, నీ వంశమే అలాంటిది. 1900 లీపు సంవత్సరం కాదు. కానీ నీలో 29 ఫిబ్రవరి 1900 అని కొడితే నిక్షేపంగా తీసుకుంటావు. నీకంటే ముందొచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాములో ఆ తప్పుండేది. దాని ఫైళ్లతో పొత్తు కుదరాలని మీవాళ్లు తప్పును కూడా తెచ్చిపెట్టుకున్నారు. ఇప్పుడు దిద్దితే పాత షీట్లలో తేదీలన్నీ ఒకరోజు జరిగిపోతాయి కాబట్టి, ఎన్నడూ తెల్లారని ఆ రోజును ఇప్పటికీ మోస్తున్నారు. నా ఉద్యోగజీవితం గురించి ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ రాయలేరు.

పైగా మారాల్సి వచ్చినప్పుడల్లా ఎదుటివాళ్లనే మార్చావు. 'మార్చ్1', 'సెప్ట్1' అనే జన్యువుల పేర్లు కొడితే తేదీలుగా మార్చేసేవాడివి. శాస్త్రవేత్తలు నీతో వేగలేక 2020 నాటికి జన్యువులకే కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఆ సంగతి చదివిన రోజు నీ మీద నాకు గౌరవం రెట్టింపయింది.

గౌరవం తగ్గిన రోజు గురించి కూడా చెప్పాలి. నీలోని లెక్కలను కొత్త సిస్టమ్‌లోకి తరలించే మైగ్రేషన్ టీములో ఒక అమ్మాయి ఉంది. నా పక్కన కూర్చుని ఒక్కో కాలమ్ మీద వేలు పెట్టి "ఇది ఎందుకు సర్?" అని అడిగేది. "ఎప్పట్నుంచో ఉందమ్మా" అనేవాణ్ణి. మూడోరోజుకి ఆ జవాబు నాకే విసుగొచ్చింది. ముప్పై ఒక్క కాలమ్‌లు ఎవరూ చూడనివని తేలింది. తర్వాత పాత వరసలన్నీ ఏమయ్యాయని అడిగింది. మూడు నెలలకోసారి 'క్లీనింగ్' చేస్తానని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. నిన్ను ఇప్పటికీ పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్‌లోనే ఉంచానుగా. అందులో 65,536 వరసలకు మించి పట్టవు. చోటు చాలక నేను చెరిపేస్తున్నదానికి క్లీనింగ్ అని పేరు పెట్టుకున్నాను. 2020లో ఇంగ్లండులో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు రోజువారీ లెక్కకు ఎక్కకుండా పోయింది ఈ ఫార్మాట్ పరిమితి వల్లేనని ఆమె చెప్పింది. 2007 నుంచే పది లక్షల పైచిలుకు వరసలు పట్టే ఫార్మాట్ ఉందని కూడా చెప్పింది. అది నాకు తెలుసు. తెలిసీ మారలేదు, అదే చిక్కు.

ఒక్కచోట మాత్రం ఆమె ఆగిపోయింది. తేదీకి 5 కలిపే ఫార్ములా. ఆ 5 ఏమిటో ఎక్కడా రాసిలేదు. ఒక బ్రాంచి నెలాఖరు కాగితాలు ఎప్పుడూ అయిదు రోజులు ఆలస్యంగా పంపేది. వాళ్ల మేనేజరుతో ఫోన్‌లో పోట్లాడి, అలిగి, చివరికి రాజీపడి పెట్టిన 5 అది. నీకు 5 తెలుసు, ఎందుకో తెలీదు. నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆమె ఇలాంటివన్నీ చెప్పమని కూర్చుంది. రెండు నోటుబుక్కులు నిండాయి. నా విలువంతా నీలో దాచుకున్నానని ఇన్నాళ్లూ నీకు తాళం వేసి కాపలా కాశాను. తీరా చూస్తే అది నీలో లేదు.

అలాగని కొత్తదానికి హారతి పట్టేశాననుకోకు. నువ్వు ఒక్క నొక్కుతో చేసేదానికి అది మూడు నొక్కులు అడుగుతుంది. ట్రైనింగుకు వచ్చిన పెద్దమనిషి మార్పును ప్రేమించమన్నాడు, తన స్లైడు తెరుచుకోకపోతే మాత్రం పాత లాప్‌టాప్ తెమ్మన్నాడు. నేను ప్రేమించడం లేదు, నేర్చుకుంటున్నాను. పాతికేళ్ల కుర్రాణ్ణి "సేవ్ బటన్ ఎక్కడ బాబూ?" అని అడిగాను. దానంతటదే సేవ్ అవుతుందట. అయినా కంట్రోల్ ఎస్ నొక్కుతూనే ఉన్నాను.

నువ్వూ ఒకప్పుడు కొత్తదానివే కదా. 1979లో మీ తాత, విజికాల్క్ అనే లెక్కల ప్రోగ్రాము, వచ్చేదాకా ఒక అంకె మారితే పేజీ అంతా చెరిపి మళ్లీ కట్టుకోవాల్సిందే. అప్పుడు చెవిలో పెన్సిలు పెట్టుకున్న ఒకాయన "బాగుందండీ, కానీ మా లెక్కలు వేరు" అనే ఉంటాడు. ఆయన పేరు ఎక్కడా లేదు. నాకు మాత్రం బాగా తెలిసినవాడే.

ఇక అసలు సంగతి. ఈ నెల నిన్నూ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపించాం కదా, నిన్న మొత్తాలు కలవలేదు. దొరికిందిరా అనుకున్నాను. రాత్రి తొమ్మిదిదాకా కూర్చుని వెతికాను. తప్పు కొత్తదానిది కాదు. నీలో నేను దాచిపెట్టిన ఒక ట్యాబు ఒక వరసను రెండుసార్లు కూడుతోంది, ఏడు నెలలుగా. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను: "తప్పు మనదేనమ్మా."

వెంటనే జవాబొచ్చింది: "మనది అంటే ఎవరిది సర్?"

ఇంకా బదులివ్వలేదు. ముందు నీకు రాద్దామనిపించింది.

ఇట్లు,
నీ ఒకప్పటి కాపలాదారు

తా.క.: నీ పాస్‌వర్డ్ ఆమెకు ఇచ్చేశాను. మొదటిసారి నేనే తప్పు చెప్పాను, రెండోసారికి తెరుచుకున్నావు.