తీరని లోటుకు కొలమానం

గత నెల మా పరిశోధన బృందం నుంచి ఒకావిడ వెళ్లిపోయారు. వీడ్కోలు సభలో ఆరుగురం మాట్లాడాం, ఆరుగురమూ "తీరని లోటు" అన్నాం. శాస్త్రవేత్తలం అయివుండి ఆ మాటను అలా గాలికి వదిలేయడం నాకు నచ్చలేదు. లోటు ఎంత? దాన్ని దేనితో కొలవాలి? తీరనిదని తేల్చే ముందు తీర్చడానికి ఎవరైనా ప్రయత్నించారా? ఈ మూడో ప్రశ్న నా పరిధిలోకి రాదు కనుక పక్కన పెట్టాను. మిగిలిన రెండింటికీ ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ముందు ఆవిడ హోదా సంగతి. తొమ్మిదేళ్లు మా దగ్గర పనిచేశారు కానీ మా ఉద్యోగి కారు. ప్రాజెక్టు మనిషి. ఆవిడలా ప్రాజెక్టుల్లో పనిచేసే రీసెర్చ్ అసోసియేట్‌లకు ప్రభుత్వం వేసిన నిచ్చెనకు మూడు మెట్లున్నాయి. 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం నెలకు 58,000, ఆపైన 61,000, ఆపైన 67,000 రూపాయలు, ఇంటద్దె అదనం. నాలుగో మెట్టు లేదు. మరీ ఎత్తుకు ఎక్కితే కళ్లు తిరుగుతాయన్న దయతోనే దాన్ని తీసేసి ఉంటారు.

ఇక విరామం. ఎడతెగకుండా పనిచేస్తే ఎక్కడ పర్మనెంట్ హక్కు మొలుస్తుందోనన్న ముందుచూపుతో ఏడాదికి ఒకరోజు ఆవిడను పనిలోంచి తప్పించి, మర్నాడు మళ్లీ చేర్చుకునేవాళ్లం. ఆ రోజు కూడా ఆవిడ వచ్చేవారు. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిలో పెరిగే కణాలకు రెండు మూడు రోజులకోసారి పోషక ద్రవం మార్చాలి. కణాలకు సర్వీసు నిబంధనలు తెలియవు. ఒక ఏడాది గేటు దగ్గర సందర్శకుల పుస్తకంలో "ఎవరిని కలవాలి" అన్న గడిలో ఆవిడ "కణాలను" అని రాశారు. క్రమశిక్షణ చర్య తీసుకుందామని ఫైలు తెరిచాం. ఆ ఒక్కరోజు ఆవిడ మా ఎవరి కిందకూ రారని గుమస్తా గుర్తు చేయడంతో మూసేశాం.

ఆవిడను పర్మనెంట్ చేయాలని మేము ప్రయత్నించలేదా అని కొందరు గుసగుసలాడుతున్నారు. ప్రయత్నించాం. ఆ కాగితం ఏడేళ్ల క్రితమే బయలుదేరింది. మా భవనంలోనే ఒకటో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు వెళుతోంది. శాలువా, జ్ఞాపిక, నలభై సమోసాల ఖర్చుకు మాత్రం రెండు గంటల్లో అనుమతి వచ్చింది. వ్యవస్థ కదలదని నిందించేవాళ్లు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సభలో నేను ఆవిడను మా ప్రయోగశాలకు వెన్నెముక అన్నాను. చప్పట్లు మోగాయి. మా పరిశోధన పత్రాల్లో మాత్రం ఆవిడ పేరు ఏడుగురిలో ఐదోదో, లేకపోతే చివర కృతజ్ఞతల్లో "సాంకేతిక సహకారం" కిందో ఉంటుంది. వెన్నెముక అన్నాక వెనకే కదా ఉండాలి!

లోటు బయటపడింది మూడో రోజు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు వేలకు పైగా చిన్న గొట్టాలున్నాయి. వాటి మీద రాతలు సగం చెరిగిపోయాయి. ఏది ఎక్కడుందో తెలిపే జాబితా ఉందనే అనుకున్నాం. ఉంది కూడా, కానీ అది ఆవిడతో పాటు వెళ్లిపోయింది. గొట్టాలను గిరగిరా తిప్పి వాటిలోని పదార్థాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ మూతను ఎడమ అరచేత్తో ఒక పక్కకు నొక్కి పట్టుకుంటే తప్ప అది తిరగదు. ఎంతసేపు నొక్కాలో తయారీదారుకు కూడా తెలియదు. ద్రవ నైట్రోజన్ తెచ్చే అతను నా హోదా అంతా విని, "మేడం లేరా?" అని ఫోను పెట్టేశాడు. ఆవిడ నోటుపుస్తకంలో "రాత్రంతా ఉంచాలి" అని రాసి ఉంది. మా విద్యార్థి రాత్రంతా ఉంచాడు, ప్రయోగం చెడిపోయింది. అడిగితే తెలిసిందేమిటంటే, చలికాలం పద్నాలుగు గంటలు, మే నెలలో పదకొండు. రాత్రి అంటే అదట. మా పత్రంలో మేము దీన్నే "ప్రామాణిక పరిస్థితుల్లో" అని అచ్చువేశాం.

2016లో నేచర్ పత్రిక 1,576 మంది పరిశోధకులను ఆరా తీస్తే, వాళ్లలో 70 శాతానికి పైగా ఇతరుల ప్రయోగాన్ని తిరిగి చేసి చూడబోయి విఫలమయ్యామన్నారు. సగానికి పైగా సొంత ప్రయోగాలనే మళ్లీ రాబట్టలేకపోయామన్నారు. దీనికి కారణాలు వెతుకుతూ ప్రపంచమంతా సదస్సులు పెడుతున్నారు. మా దగ్గర మాత్రం కారణం సాయంత్రం ఐదున్నరకు శాలువా కప్పుకుని వెళ్లిపోయింది.

కొలమానానికి వస్తాను. ఆవిడ వెళ్లాక వారానికి ఎన్నిసార్లు ఆవిడకు ఫోను చేయవలసి వచ్చిందో లెక్క రాయించాను. మొదటి వారం 23. రెండో వారం 19. లోటు తీరుతోందని సంబరపడ్డాం. మూడో వారం నైట్రోజన్ అయిపోయింది, 31. లోటు తీరనిదేనని దీంతో రుజువైంది. ఈ ప్రమాణానికి ఆవిడ పేరే పెడదామనుకున్నాను కానీ ప్రాజెక్టు సిబ్బంది పేర్లు పెట్టే వీలు లేదన్నారు.

ఇంతకీ ఆవిడ వెళ్లింది అమెరికాకు కాదు. అలా వెళ్లి ఉంటే మేధో వలస అని పేరు పెట్టి నాలుగు సదస్సుల్లో బాధపడేవాళ్లం. వెళ్లింది హైదరాబాద్ శివార్లలో మందులు, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో ఒక కంపెనీకి, రోజూ పొద్దున బస్సెక్కి. దీనికి ఏ పేరు పెట్టి బాధపడాలో తెలియడం లేదు.

అయినా మేము కుంగిపోలేదు. మాకు అమెరికా వెళ్లిన మన తెలుగు జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి ఉదాహరణ ఉంది. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఇచ్చిన, భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని విద్యార్థులు ఇప్పటికీ వాళ్లిద్దరి పేరుతోనే నేర్చుకుంటున్నారు. అంతటి మనిషికి హార్వర్డ్ స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్లిపోయారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బోదకాలు నివారణకు మన ఊళ్లలో పంచే డీఈసీ మందు ఆ తర్వాత ఆయన నడిపిన బృందాల నుంచే వచ్చాయి. హార్వర్డ్ తొందరపడి పర్మనెంట్ చేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. విలువైన మనిషిని వదులుకునే విషయంలో మేము హార్వర్డ్ సరసన చేరాం. ర్యాంకుల పట్టికల్లో దీనికి మార్కులు లేకపోవడం అన్యాయం.

ఖాళీకి ప్రకటన ఇచ్చాం. కావలసిన అనుభవం తొమ్మిదేళ్లు, ఉద్యోగ వ్యవధి ఆరు నెలలు.

మొన్న రాత్రి పదకొండుకు ఫ్రీజర్ అలారం మోగింది. ఆవిడకు ఫోను చేశాను. "తలుపు రబ్బరు దగ్గర మంచు గీకి, మోకాలితో గట్టిగా తోయండి సార్" అన్నారు. గీకాను, తోశాను, అలారం ఆగింది. పెట్టేసే ముందు మర్యాదకు "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగాను.

"పర్మనెంట్ సార్" అన్నారు.

నేనడిగింది ఆరోగ్యం గురించి.