రాత్రి ఫ్రిజ్ ఆపేశారో లేదో ప్యాకెట్టే చెప్పాలి

పోయిన ఎండాకాలం మా వీధి చివర షాపులో పెరుగు ప్యాకెట్ కొన్నాను. తేదీ చూస్తే ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున కత్తిరిస్తే పులిసిన కంపు గుప్పుమంది. పట్టుకెళ్లి చూపిస్తే షాపతను తాపీగా, "మీ ఇంట్లో ఫ్రిజ్ సరిగా పనిచేస్తున్నట్టు లేదు సార్" అన్నాడు. కరెంటు బిల్లు కలిసొస్తుందని షట్టర్ దించేటప్పుడు ఫ్రిజ్ కూడా కట్టేసే షాపులుంటాయని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కానీ నిరూపించేదెలా?

అందుకే పాలు, పెరుగు, మాంసం ప్యాకెట్ల మీద రంగు మారే లేబుళ్లు రావాలా వద్దా అంటే నేను రావాలనే అంటాను. గడువు తేదీ డెయిరీలో అచ్చయిన మాట. ఆ తర్వాత ప్యాకెట్ ఎన్ని గంటలు వ్యాన్‌లో ఉందో, ఎంతసేపు ఎండలో దించి పెట్టారో దానికి పట్టదు. ఈ లేబుల్ అలా కాదు. వేడి తగిలేకొద్దీ రంగు మారుతుంది, మళ్లీ చల్లబెట్టినా పాత రంగుకు రాదు.

ఇవన్నీ మన జనానికి అర్థం కావు అనేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. పోలియో చుక్కల సీసా మీద గుండ్రటి గుర్తు, దాని మధ్యలో చిన్న చదరం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ ఆ చదరం రంగు ముదురుతుంది. అది తన చుట్టూ ఉన్న గుండ్రం కన్నా లేతగా ఉంటే చుక్కలు వెయ్యొచ్చు. రెండూ ఒకే రంగుకు వస్తే సీసా పక్కన పెట్టెయ్యాలి. 1996 నుంచి పోలియో సీసాల మీదికి వచ్చిన ఈ గుర్తును మన పల్లెల్లో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఒక్క చూపులో చదివేస్తున్నారు. 2014లో మన దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చిందంటే అందులో ఆ చిన్న చదరానికీ వాటా ఉంది. తమాషా ఏమిటంటే ఈ పరిజ్ఞానం మొదట పుట్టింది ఆహార ప్యాకెట్ల కోసమే. టీకా సీసా దాకా వెళ్లింది గానీ మన పాల ప్యాకెట్ దాకా రాలేదు. బ్రిటన్‌లో ఒక డిజైనర్ చూపులేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇంకో రకం తయారుచేసింది. సరుకు పాడయ్యేసరికి ఆ లేబుల్ వేలికి గరుకుగా తగులుతుంది. అంటే చదువు రాకపోయినా, చూపు లేకపోయినా అడ్డం కాదు.

"మా ముక్కు చాలు" అనేవాళ్ల మాట కొంత నిజమే. నిజానికి మనకు ముక్కు కన్నా నమ్మకమైనది పొయ్యి. పొద్దున్నే పాలు కాస్తాం, విరిగితే విషయం తేలిపోతుంది. కానీ ఈ పరీక్ష పాలకే చెల్లుతుంది. పనీర్‌ను, చికెన్‌ను, మయోనైజ్‌ను కాచి చూడలేం కదా! జబ్బు తెచ్చే క్రిములన్నీ కంపు కొట్టవు కూడా. లిస్టీరియా లాంటిదైతే ఫ్రిజ్ చల్లదనంలోనే చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించాల్సి వచ్చింది. ముక్కే సరిపోయేదైతే అంతదాకా వచ్చేదా?

ధర పెరుగుతుందంటారు. లేబుల్ వేడిని కొలుస్తుందే గానీ క్రిములను లెక్కపెట్టదంటారు. రంగు కాస్త మారగానే మంచి సరుకు కూడా చెత్తబుట్టలో పడుతుందంటారు. రెండో మాట నిజం, ఒప్పుకుంటాను. మొదట్లోనే పాడైన సరుకును ఇది పట్టించదు. మిగతావి పైపైకి చెప్పే సాకులు. అసలు భయం, కొనేవాళ్లు రంగు చూసి మంచివి ఏరుకుపోతారని. ఇప్పుడు మాత్రం ఏరడం లేదా? ముందు వరసను వదిలేసి వెనక్కి చెయ్యి పెట్టి కొత్త తేదీ ప్యాకెట్ లాగనిది ఎవరు? ఇంకో సంగతి, ఇది మన వైపు తప్పు. పెరుగు ప్యాకెట్‌ను స్కూటర్‌కు తగిలించి గంటసేపు కూరగాయల బేరమాడేది మనమే. లేబుల్ అదీ బయటపెడుతుంది. కొందరికి ఇది నచ్చకపోవడానికి అదీ ఒక కారణమేమో.

నాకు అసలు కోపం తెప్పించేది వేరే ఉంది. ఈ దేశంలో మోసపోకుండా చూసుకునే పని ఎప్పుడూ కొనేవాడిదే. 2024 నవంబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఒక మాట చెప్పింది, సరుకు చేతికందేటప్పటికి గడువులో 30 శాతమో, 45 రోజులో మిగిలి ఉండాలని. మంచిదే, కానీ అదీ తేదీ లెక్కే. మే నెల మధ్యాహ్నం బైక్ మీద సంచిలో ప్యాకెట్ పడ్డ పాట్లు ఆ లెక్కలోకి రావు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారం. అయినా "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" బోర్డులు ఊరూరా వేలాడుతూనే ఉన్నాయి. ఎందుకంటే లోపం షాపులోనే ఉందని చూపించే ఆధారం మన చేతిలో ఉండదు.

లేబుల్ ఉంటే కౌంటర్ దగ్గరే రంగు చూసి తీసుకోవచ్చు, డెలివరీ అయితే గుమ్మం దగ్గరే ఫొటో కొట్టుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దీన్ని ముందు పెరుగు, పనీర్, చికెన్ ప్యాకెట్లకు తప్పనిసరి చెయ్యాలి. అప్పుడు మా వీధి షాపతను నా ఫ్రిజ్ సంగతి ఎత్తే ముందు తన ఫ్రిజ్ ప్లగ్ ఒకసారి చూసుకుంటాడు.