గోడెక్కిన తీర్మాన పత్రానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తీర్మాన పత్రం గారికి,

వందనాలు. తమరు చర్చి వారు కాబట్టి నమస్కారం అనలేదు, వేరే ఉద్దేశం ఏమీ లేదు.

తమరెవరో తెలియని వాళ్ళు కంగారుపడకుండా ముందే చెప్పేస్తాను. 2011లో 'కరేజియస్' అని ఒక అమెరికన్ క్రైస్తవ సినిమా వచ్చింది. నాన్నలు నాన్నల్లా ఉండాలని చెప్పే సినిమా. అందులో నలుగురు షెరిఫ్ డిప్యూటీలు (అక్కడి పోలీసులు), పని కోసం తిరుగుతున్న హావియెర్ అనే ఒకాయన కలిసి, ఇకమీద మంచి మగవాళ్ళుగా, మంచి తండ్రులుగా బతుకుతామని ప్రమాణం చేసి సంతకాలు పెడతారు. ఆ ప్రమాణాలు రాసి ఫ్రేము కట్టిన కాగితమే తమరు. నటీనటుల జాబితాలో పేరు పడలేదు గానీ కథంతా తమ చుట్టూనే తిరుగుతుంది.

ఇకమీద 'మీరు' అంటాను. తమరు తమరు అంటుంటే నాకే కోర్టు గుమాస్తాలా అనిపిస్తోంది.

మీ పుట్టుపూర్వోత్తరాలు తక్కువవేమీ కావు. జార్జియా రాష్ట్రంలో అట్లాంటా నుంచి దక్షిణంగా మూడు గంటలు కారు నడిపితే ఆల్బనీ అనే ఊరొస్తుంది. అక్కడి షెర్‌వుడ్ బాప్టిస్ట్ చర్చి వాళ్ళు సొంతంగా సినిమాలు తీయడం మొదలుపెట్టారు. 2003లో పాత కార్లు అమ్మే వాడి కథ, 2006లో ఓడిపోతున్న ఫుట్‌బాల్ కోచ్ కథ, 2008లో కాపురం కూలిపోతున్న ఫైర్‌మ్యాన్ కథ, ఆ తర్వాత మీ కథ. అన్నదమ్ములు అలెక్స్ కెండ్రిక్, స్టీఫెన్ కెండ్రిక్ రాశారు. అన్నయ్య డైరెక్ట్ చేసి, ఆడమ్ మిచెల్ అనే ముఖ్య పాత్ర కూడా తనే వేశాడు. సంఘస్తులు తలో చెయ్యీ వేశారు. 20 లక్షల డాలర్లు పెడితే మూడున్నర కోట్ల డాలర్ల దాకా వచ్చాయి. విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. టికెట్టు కొని చూసినవాళ్ళు మాత్రం సినిమాస్కోర్ సర్వేలో ఏ ప్లస్ వేసి పంపారు. ఈ రెండు వర్గాలూ చూసింది ఒకే సినిమానా అని అనుమానం వస్తుంది. నన్నడిగితే, జనం అందులో నాన్నల్ని చూశారు, విమర్శకులు మిమ్మల్ని చూశారు.

మొదటి సీను గుర్తుందా? ఉండదు, అప్పటికి మీరింకా పుట్టలేదు. పెట్రోల్ బంకులో ఆ డిప్యూటీల్లో ఒకరైన నాథన్ హేస్ ట్రక్కు ఆగుతుంది. ఆయన అలా పక్కకు తిరిగాడో లేదో, ఒక కుర్రాడు ఎక్కి బండి లాగించేస్తాడు. నాథన్ పరిగెత్తి కిటికీలోంచి స్టీరింగ్ పట్టుకుంటాడు. బండి ఈడ్చుకుపోతుంది, కాళ్ళు రోడ్డుకు రాసుకుంటాయి, దొంగ ముఖం మీద గుద్దుతుంటాడు, అయినా వదలడు. ఒక బండి కోసం ఇంత తెగింపేమిటి, ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అని మనం విసుక్కుంటుంటాం. చివరికి బండి ఆగిపోయాక, ఒళ్ళంతా దెబ్బలతో నేల మీద పాక్కుంటూ దాని దగ్గరికే వెళ్తాడు. బండి సంగతి తర్వాత చూసుకోవచ్చని పక్కనున్నవాళ్ళు చెబుతున్నా వినడు. వెనక తలుపు తీస్తే, లోపల సీటులో పసిబిడ్డ ఏడుస్తూ ఉంటుంది.

ఎంత బాగా తీశారో! ఒక్క వాక్యం ఉపదేశం లేదు. బైబిలు వచనం లేదు, వెనక నుంచి పియానో లేదు. మీ అయిదుగురిలో ఉత్తమమైన తండ్రితనం సినిమా మొదలైన అయిదు నిమిషాల్లోనే జరిగిపోయింది, అదీ ఏ కాగితం మీదా సంతకం లేకుండా. మీకు కొంచెం ఇబ్బందిగా ఉండొచ్చు, కానీ నిజం.

రెండో మంచి సీను కూడా మీరు లేనప్పటిదే. ఆడమ్ కూతురు ఎమిలీకి తొమ్మిదేళ్ళు. రోడ్డు పక్కన ట్రక్కు ఆపి ఉంది, లోపల పాట వస్తోంది. నాన్నా, నాతో డాన్స్ చెయ్యవా అని చెయ్యి పట్టి లాగుతుంది. వచ్చేపోయేవాళ్ళు చూస్తారని ఆయనకు మొహమాటం. నువ్వు చెయ్యమ్మా, నేను చూస్తాను అన్నట్టు బండికి ఆనుకుని నిలబడతాడు. పిల్ల ఒక్కతే గడ్డిలో గిరగిరా తిరుగుతుంది. కొద్ది రోజులకే తాగి బండి నడిపినవాడి వల్ల ఆ పిల్ల పోతుంది. ఇక్కడ ఆడమ్ దుర్మార్గుడేమీ కాడు. కొట్టడు, తిట్టడు, జీతం ఇంటికి తెస్తాడు, ఆదివారం చర్చికి వెళ్తాడు. అంతా మన ఇళ్ళల్లో తిరిగే నాన్నే. అందుకే ఆ సీను గుండెలో గుచ్చుకుంటుంది. కొడుకు డిలన్ తనతో కలిసి 5 కిలోమీటర్ల పరుగులో పాల్గొనమంటే కూడా ఇదే ఆడమ్ తప్పించుకుంటాడు. పైగా పెరట్లో షెడ్డు కట్టడానికి సాయం రావడం లేదని వాడినే సాధిస్తాడు.

ఆ దుఃఖంలోంచి మీరు పుట్టారు. ఆడమ్ బైబిలు ముందేసుకుని తండ్రి బాధ్యతలన్నీ వెతికి రాశాడు. భార్యకు నమ్మకంగా ఉంటాను, పిల్లలకు దేవుణ్ణి ప్రేమించడం నేర్పుతాను, చెడును ఎదిరిస్తాను, నన్ను గాయపరిచినవాళ్ళను క్షమిస్తాను, కష్టపడి పోషిస్తాను... అడుగున యెహోషువ 24:15. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఈ వాక్యం తెలియనివాళ్ళుండరు. ముందుగదిలో గడియారం పక్కనో, సంఘం వాళ్ళిచ్చిన క్యాలెండర్ పైనో 'నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము' అని ఉంటుంది. దాని కిందే పడక్కుర్చీ వేసుకుని, ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజు తప్ప పిల్లాడి మొహం చూడని నాన్నలు ఎంతమంది లేరు! వాక్యంలో లోపం లేదు. కుర్చీ దాని కిందుంది, అంతే.

ఇక మీ సంతకాల పండగ. సూట్లు, టైలు, కళ్ళు తుడుచుకునే భార్యలు. అంతా పెళ్ళిలా ఉంది. నేను వెక్కిరించడం లేదు. మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరి 'మనం ఇళ్ళల్లో సరిగ్గా లేము' అని పైకి చెప్పుకోవడమే పెద్ద విషయం. మన దగ్గర ఆ నలుగురూ చేరితే రియల్ ఎస్టేటు మాట్లాడుకుంటారు.

కానీ ఆ సంతకాల్లో ఒకటి షేన్‌ది. మీరు ఈ లేఖ చదవకుండా చింపేసే అవకాశం ఉంటే ఇక్కడే చింపేస్తారు. ఆడమ్ తోటి డిప్యూటీ షేన్ ఫుల్లర్ కూడా అదే పెన్నుతో, అదే దేవుడి పేరు మీద సంతకం పెట్టాడు. పెట్టి, కేసుల్లో పట్టుబడి సాక్ష్యంగా దాచిన డ్రగ్స్‌లోంచి కొంత కాజేసి అమ్ముకున్నాడు. పట్టుకున్నది మళ్ళీ ఆడమే. స్నేహితుణ్ణి అరెస్టు చేయించడానికి ఆయన పడే యాతన, జైలుకెళ్ళాక షేన్ తన కొడుకును చూసుకోమని అడగడం, ఈ సినిమాలో నిజంగా సాహసం చేసింది అక్కడే. తాము తయారుచేసిన మందు ఒకడికి పనిచేయలేదని తామే చూపించారు. ప్రచార చిత్రం తీసేవాళ్ళెవరూ అలా చేయరు. షేన్ ఇంట్లో వేళ్ళాడుతూ మీరు అప్పుడేమనుకున్నారో ఒక్క షాటన్నా పెట్టి ఉంటే బాగుండేది.

అంత ధైర్యం చూపించినవాళ్ళే హావియెర్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు జంకారో! పని పోయి, ఇంట్లో సరుకులు నిండుకుని, దేవుడితో పోట్లాడుకుంటూ నడిచొస్తున్న మనిషి. ఆడమ్ ఇంకో హావియెర్ కోసం ఎదురుచూస్తూ, ఈయన్ని చూసి ఆ హావియెర్ అనుకుని షెడ్డు పనిలో పెట్టుకోవడం సరదాగా ఉంటుంది. పోలీసు కారు వెనక సీట్లో అసలు గ్యాంగు కుర్రాడి పక్కన కూర్చుని, తాను 'స్నేక్ కింగ్స్' ముఠా నాయకుణ్ణని హడలగొట్టే సీనుకు ఎవరైనా నవ్వాల్సిందే. తర్వాత ఫ్యాక్టరీలో ఉద్యోగం. సరుకు లెక్క తప్పు రాయమని పైవాళ్ళు చెబుతారు. రాయకపోతే ఉద్యోగం ఉంటుందో లేదో. భార్యతో ఆ రాత్రి మాటలు, భయం, అన్నీ నిజంగా ఉన్నాయి. పొద్దున్నే వెళ్ళి రాయనంటాడు. అంతే, యాజమాన్యం లేచి నిలబడి, ఇది మీ నిజాయితీకి పరీక్ష, ఇదిగో ప్రమోషన్ అంటుంది!

లెక్క తప్పు రాయనన్నవాడికి మన ఊళ్ళో ప్రమోషన్ రాదు, బదిలీ వస్తుంది. ఆల్బనీలో కూడా అంతకంటే గొప్పగా ఉంటుందని నేననుకోను. హావియెర్ ఆ ఉద్యోగం పోగొట్టుకుని ఇంటికొచ్చి మీ ముందు నిలబడి ఉంటే, మీలో రాసిన ప్రతి మాటకూ బరువొచ్చేది. దేవుణ్ణి హెచ్‌ఆర్ మేనేజర్‌ను చేసి కథను తేలిక చేసేశారు.

ఊరి సంగతి కూడా చెప్పాలి. సినిమాలో షెరిఫ్ తన వాళ్ళను కూర్చోబెట్టి, గ్యాంగుల్లో చేరే కుర్రాళ్ళకు ఇళ్ళల్లో నాన్నలు లేరు, అదే మూలం అంటాడు. అందులో నిజముంది. నాథన్ తాను ఎన్నడూ చూడని తండ్రి సమాధి దగ్గరికెళ్ళి క్షమించే సీనులో ఆ నిజం కళ్ళ ముందు కనబడుతుంది. కానీ ఇది ఏ ఆల్బనీ? నల్లజాతి జనం ఎక్కువగా ఉన్న ఊరు. నల్లవాళ్ళను వేరుగా ఉంచే చట్టాలకు ఎదురు నిలిచి 1961లో ఆల్బనీ ఉద్యమం మొదలైన ఊరు. మార్టిన్ లూథర్ కింగ్‌ను అరెస్టు చేసిన ఊరు. ఆయనతో పాటు వందలమందిని జైళ్ళలో కుక్కారు. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళల్లో ఆ రాత్రి పిల్లలు నాన్న కోసం చూసి ఉంటారు! నాన్న ఇంట్లో లేకపోవడానికి నాన్నే కారణం కాని సందర్భాలు కూడా ఉంటాయని, చరిత్ర, పేదరికం, జైళ్ళు అనేవి కొన్ని ఉన్నాయని రెండు గంటలు దాటిన సినిమాలో ఒక్క నిమిషం కూడా గుర్తురాలేదు. మీలో 'న్యాయం కోసం నిలబడతాను' అని ఒక లైను ఉంది కదా, దాన్ని ఎవరూ తిరిగి చదివినట్టు లేదు.

ఆడవాళ్ళ సంగతికొస్తే, నేనును నా యింటివారును అన్నప్పుడు యింటివారిని యెహోషువ అడిగాడో లేదో నాకు తెలియదు గానీ, ఆడమ్ మాత్రం అడగలేదు. ఆయన భార్య విక్టోరియా కూడా అదే బిడ్డను పోగొట్టుకుంది. ఆమె దుఃఖం వంటగది, పడకగది దాటి రాలేదు. మిమ్మల్ని రాసేటప్పుడు ఆమె చేత ఒక్క పాయింటన్నా చెప్పించి ఉంటే, మీలో కచ్చితంగా ఒక పనికొచ్చే మాట పడి ఉండేది. సినిమాతో పాటు పుస్తకాలు వేసినప్పుడు మగవాళ్ళ తీర్మానానికొకటి, ఆడవాళ్ళ తీర్మానానికొకటి విడివిడిగా వేశారు. కాపురం ఒకటే, కాగితాలు రెండు.

నాథన్ కూతురు జేడ్‌కు పదిహేనేళ్ళు. గ్యాంగులో తిరిగే కుర్రాడితో స్నేహం చేస్తోందని తండ్రికి టెన్షన్. మంచి హోటల్‌కు తీసుకెళ్ళి, ఎంతో మర్యాదగా మాట్లాడి, నీ పెళ్ళి నా సమ్మతితో జరగాలమ్మా అని వేలికి ఉంగరం తొడుగుతాడు. ఆ ప్రేమను నేను శంకించను. కానీ డిలన్‌కూ అదే వయసు, వాడి నాన్న కూడా మీ మీద సంతకం పెట్టినవాడే. వాడికి దక్కింది నాన్నతో పరుగు. కొడుక్కి తోడు, కూతురికి కాపలా. ఈ పంపకం మన దగ్గర కూడా బాగా తెలిసిందే కాబట్టి జార్జియా వాళ్ళను ఒక్కళ్ళనే అనడం న్యాయం కాదు.

ఒక్క డేవిడ్ థామ్సన్ విషయంలో మాత్రం మీకు పూర్తి మార్కులు. పెళ్ళి కాకుండానే బిడ్డను కని, తల్లినీ బిడ్డనూ వదిలేసి వచ్చిన కుర్ర డిప్యూటీ. మీ పుణ్యమా అని ఆమెకు ఉత్తరం రాస్తాడు, డబ్బు పంపుతాడు. ఆమె వెంటనే కరిగిపోయి పరిగెత్తుకు రాదు. సినిమా కూడా తొందరపెట్టదు. అలాంటి ఓపిక ఇంకో రెండుచోట్ల ఉంటే ఎంత బాగుండేదో.

ముగింపులో ఓపిక అసలే లేదు. ఫాదర్స్ డే నాడు ఆడమ్ పుల్‌పిట్ ఎక్కుతాడు. ఆ పాత్ర వేసిన అలెక్స్ కెండ్రిక్ నిజ జీవితంలో అప్పట్లో ఆ చర్చిలో పాస్టరే కాబట్టి మైకు దగ్గర తడబడడు. మీలోని మాటలన్నీ వరసగా ప్రసంగంలో వస్తాయి. ఒక్కొక్క తండ్రే లేచి నిలబడతాడు. అంతకు ముందే ఆడమ్ ఒక్కడే ఆ గడ్డిలోకి వెళ్ళి, లేని కూతుర్ని పట్టుకుని డాన్స్ చేశాడు. కొడుకుతో కలిసి రొప్పుతూ పరిగెత్తాడు. చూసేవాడికి అర్థమైపోయింది, కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అర్థం కాలేదేమోనని మళ్ళీ మైకులో చెప్పించడం ఎందుకు? మన సినిమాల్లో కోర్టు సీనులో హీరో జడ్జిగారికి పావుగంట పాఠం చెబుతాడు చూడండి, సరిగ్గా అదే జబ్బు.

2021లో కొత్త సీన్లు, కొత్త ముగింపు కలిపి మళ్ళీ విడుదల చేశారు. మీరు మాత్రం అక్షరం మారలేదు. ఈసారి అచ్చు వేసేటప్పుడు ఈ చిన్న సవరణలు పరిశీలించండి. ఒకటి, భార్య సంతకం. సాక్షిగా వద్దు, షరతులు పెట్టే పార్టీగా కావాలి. రెండు, పిల్లలు నింపడానికి అడుగున కొంచెం ఖాళీ జాగా, పెన్సిల్‌తో అయినా సరే. మూడు, మిమ్మల్ని తగిలించే ఎత్తు. పిల్లాడికి అందేలా కింద తగిలించమని ఫ్రేము వెనక ఒక సూచన ముద్రించండి. అవసరమైనప్పుడు తీసి నాన్న ముందు పెట్టడానికి వాడికి వీలుగా ఉంటుంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

తా.క.: వీలుంటే జేడ్‌కు ఒక జత రన్నింగ్ షూస్, డిలన్‌కు ఒక ఉంగరం పంపే ఏర్పాటు చేయండి. సైజులు మాత్రం వాళ్ళ అమ్మల్ని అడగండి. నాన్నలకు తెలియవు.