ప్రమాద పరిహారం: శాతం దగ్గరే ఆగిపోతున్న లెక్క

కారు గుద్ది కాలు విరిగిన మనిషి ఇంట్లో మొదటి నెలంతా ఆసుపత్రి బిల్లుల టెన్షనే. ఆ తర్వాత ఎవరో ఒకరు ‘కేసు వేస్తే ఎంతొస్తుంది?’ అని కదుపుతారు. అక్కడి నుంచి మాటలన్నీ మెడికల్ బోర్డు ఎంత శాతం వైకల్యం వేస్తుందన్న దాని చుట్టూనే. బాధితులు ఎక్కువగా నష్టపోయేది ఈ శాతాల బేరంలోనేనని నా అభిప్రాయం.

ఒంటికి వచ్చిన వైకల్యం వేరు, సంపాదన శక్తికి పడ్డ దెబ్బ వేరు అని రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. ఎడమ చెయ్యి పోతే డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోయినట్టే. ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం అలాగే ఉండవచ్చు. సర్టిఫికెట్‌లో శాతం మాత్రం ఇద్దరికీ ఒకటే.

32 ఏళ్ల ఆటో డ్రైవర్, నెలకు 15,000 సంపాదన అనుకుందాం. కుడి మోకాలు సరిగ్గా వంగక బ్రేకు తొక్కడమే కష్టమైంది. సర్టిఫికెట్ 30 శాతం. ఏడాదికి 1,80,000, భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆ వయసుకు వర్తించే గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, 16. మొత్తం 40,32,000. ఇందులో 30 శాతమే కడితే 12,09,600. సంపాదన శక్తి 60 శాతం పోయిందని ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం కేసులు తేల్చే కోర్టు) ఒప్పుకుంటే 24,19,200. అదే ఆదాయానికి ఆధారం లేదని నెలకు 8,000 చొప్పునే లెక్కేస్తే, 30 శాతం మీద వచ్చేది 6,45,120. వైద్య ఖర్చులు, పడ్డ బాధకు ఇచ్చేది వీటికి అదనం.

కాలు అదే, దెబ్బ అదే. తేడా అంతా కాగితాల్లో, సాక్ష్యంలో ఉంది. బ్యాడ్జి, పర్మిట్, ఫైనాన్స్ కిస్తీలు కట్టిన రసీదులు, ఫోన్‌పే లావాదేవీలు దాఖలు చేసినవాడి మాటకు బలం ఉంటుంది. డాక్టరు కూడా శాతం చెప్పి ఊరుకోకుండా, ఈ మోకాలితో ఆటో నడపగలడా లేదా అన్నది సాక్ష్యంలో చెప్పాలి. కోర్టు మెట్లెక్కడానికి చాలామంది డాక్టర్లు ఇష్టపడరనుకోండి, అది వేరే బాధ.

గడువు మరో చిక్కు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలి. ఎముక అతుక్కోవడానికే అంతకాలం పట్టే కేసులున్నప్పుడు ఈ నిబంధన నాకైతే అన్యాయంగానే కనిపిస్తుంది. గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినా, అది మధ్యంతర ఉత్తర్వే. దాన్ని నమ్ముకుని ఆగడం కంటే ముందు పిటిషన్ వేసి, వైకల్య సర్టిఫికెట్ తర్వాత దాఖలు చేయడం మేలు. పిటిషన్ కోసం ప్రమాదం జరిగిన ఊరికే వెళ్లనక్కర్లేదు, తాము ఉండే చోటి ట్రిబ్యునల్లోనూ వేసుకోవచ్చు.

చివరికి చాలా కేసులు లోక్ అదాలత్‌లో రాజీకి వస్తాయి. ఏళ్ల తరబడి తిరగడం కంటే అదే నయమనిపించడం సహజం. కానీ అక్కడిచ్చే అవార్డుపై, అంటే రాజీ తీర్పుపై, అప్పీలు ఉండదు. కాల్లో వేసిన రాడ్ తీయించే ఆపరేషన్ ఇంకా మిగిలే ఉంటే, దానికెంత అవుతుందో డాక్టరు చేత రాయించుకున్నాకే రాజీ కాగితం మీద సంతకం పెట్టాలి.