ఎక్కిళ్ల దగ్గరే పట్టుకోవాలి

బెంగళూరు హోసూరు రోడ్డులో, మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆసుపత్రి గేటు దగ్గర తెల్లవారకముందే తెలుగు వినిపిస్తుంది. అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి రాత్రి బస్సుల్లో వచ్చినవారు ఎమ్మారై ఫిల్ముల కవర్లు పట్టుకుని నిలబడి ఉంటారు. కొందరి కవర్లలోని చీటీలను తేదీల వరసలో పేర్చితే గుండె తరుక్కుపోతుంది. వారాల తరబడి ఆగని ఎక్కిళ్లు, వాంతులు. వాటికి గ్యాస్ మాత్రలు. తర్వాత కంటి నొప్పి, మసక చూపు. దానికి కొత్త కళ్లద్దాలు. చివరికి ఒక ఉదయం మంచం దిగబోతే కాళ్లు కదలవు.

అవి మూడు జబ్బులు కావు, న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే ఒక్కటే. మెదడు, వెన్నుపాము, కంటినరాల్లో నీటి రాకపోకలు చూసే ఆక్వాపోరిన్-4 ప్రొటీన్ మీద మన రోగనిరోధక శక్తే దాడి చేస్తుంది. మెదడు కాండంలో వాంతిని నియంత్రించే చోటు వాస్తే ఎక్కిళ్లు పట్టుకుంటాయి. బాధితుల్లో అత్యధికులు స్త్రీలు. ఇంట్లో ఆడవాళ్ల బాధను ‘కొన్నాళ్లు చూద్దాం’ అని వాయిదా వేసే అలవాటుకు ఇక్కడ కంటిచూపే మూల్యం.

2004లో దీని యాంటీబాడీ (రక్తంలో ఉండి ఆక్వాపోరిన్‌పై దాడి చేసే ప్రొటీన్) బయటపడేదాకా చాలామంది వైద్యులు దీన్ని మెదడు, వెన్నుపాములనే దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బులో ఒక రకంగానే భావించారు. ఇప్పటికీ ఆ పొరపాటు ప్రమాదకరమే. ఆ జబ్బుకిచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ మందులు దీన్ని ముదరబెట్టగలవు. వెన్నుపాములో మూడు పూసల పొడవున వాపు కనబడితే ఆక్వాపోరిన్ రక్తపరీక్ష చేయించి తీరాలి.

దాడి మొదలైతే రోజుకు ఒక గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను 3 నుంచి 5 రోజులు నరంలోకి ఎక్కిస్తారు. గుణం కనిపించకపోతే వెంటనే ప్లాస్మా మార్పిడికి, అంటే రక్తంలోని ద్రవాన్ని తీసి మార్చే చికిత్సకు, వెళ్లాలి. అసలు గండం ఆ తర్వాతే. చూపు తిరిగొచ్చిందన్న సంతోషంలో మాత్రలు మానేస్తారు. మరో దాడి వస్తే పోయిన చూపు, నడక పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అందుకే రోగనిరోధక శక్తిని అదుపు చేసే అజాథయోప్రిన్, మైకోఫెనోలేట్, రిటుక్సిమాబ్‌లలో వైద్యులు ఎంచిన మందును ఏళ్ల తరబడి వాడాలి.

రిటుక్సిమాబ్‌ను హైదరాబాద్ సంస్థే 2007 నుంచి అమ్ముతోంది. దాన్నీ, రక్తపరీక్షనూ జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా అందించాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరుతున్నాం. కాళ్లు చచ్చుబడిన మనిషిని రాత్రంతా బస్సులో కూర్చోబెట్టడం కంటే రక్తనమూనాను బెంగళూరు పంపడం ఎంతో తేలిక. ఆ నమూనాను ప్లాస్మా మార్పిడికి ముందే తీయాలని జిల్లా ఆసుపత్రుల సిబ్బందికి ఈ నెలలోనే నేర్పించవచ్చు.