గడపలో దాల్చినచెక్క, కల్లంలో దోసిలి వడ్లు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, నల్లగొండ జిల్లా హాలియాకు దగ్గరి ఒక ఊరు. వానాకాలం వరి ఇంటికి చేరింది, ఈ రోజు కొత్త బియ్యం వండుతున్నారు. పెద్దమ్మ ఆరెకరాల రైతు, ఊరి మహిళా సంఘంలో పాత సభ్యురాలు. ఆమె చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. పాశ్చాత్య దేశాల్లో వ్యాపించిన 'వంటింటి మంత్రవిద్య' మీద ఆ అమ్మాయికి గురి కుదిరింది. పొయ్యి, గరిటె, దినుసులే సాధనాలుగా ఇంటికి సమృద్ధి కోరుకోవడం, పంటకు కృతజ్ఞత చెప్పుకోవడం ఆ విద్యలో ముఖ్యమైన భాగం. ఈ ఇద్దరూ నేను కల్పించిన మనుషులు. నా మొగ్గు పెద్దమ్మ వైపేనని ముందే చెబుతున్నాను. అలాగని బిడ్డ నోరు నొక్కలేదు. ఆమె చివర్లో అడిగిన ప్రశ్న నన్నూ వదిలిపెట్టడం లేదు.

పెద్దమ్మ: గడపకు రాసిన పసుపు ఇంకా ఆరలేదు, దాని మీద ఈ పొడి ఎందుకు చల్లావు బిడ్డా? దాల్చినచెక్క వాసన వస్తోంది.

బిడ్డ: చల్లలేదు పెద్దమ్మా, ఊదాను. నెల మొదటి రోజున దాల్చినచెక్క పొడి అరచేతిలో పోసుకుని, గడప బయట నిలబడి లోపలికి ఊదితే ఇంటికి సమృద్ధి వస్తుందని వాళ్ల నమ్మకం. ఈ రోజు డిసెంబరు ఒకటి. పాయసం కూడా నేనే కలుపుతాను. గడియారం ముల్లు తిరిగే వైపు కలిపితే కోరుకున్నది దగ్గరవుతుంది, ఎదురు తిప్పితే అక్కర్లేనిది వదిలిపోతుంది. ఈ బిర్యానీ ఆకు మీద 'ఇల్లు నిండుగా ఉండాలి' అని రాశాను. దీన్ని పొయ్యిలో కాలుస్తాను.

పెద్దమ్మ: ఆ ఆకు ఇటివ్వు. నీ ఫోనులో వాళ్లు చూపించే ఆకు బొమ్మ కూడా తియ్యి. చూశావా? బొమ్మలోని ఆకుకు నడుమ ఒకటే ఈనె, దాని నుంచి సన్న ఈనెలు పక్కలకు చీలాయి. హాలియా కొట్లో కొన్న ఈ ఆకుకు తొడిమ నుంచి కొస దాకా మూడు ఈనెలు బారుగా సాగాయి. ఇది వేరే చెట్టు.

బిడ్డ: వేరేదే. వాళ్లు వాడేది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల పెరిగే చెట్టు ఆకు. మనం బిర్యానీలో వేసేది దాల్చినచెక్క జాతి చెట్టుది. ఆకు ఏదైనా మనసు పెట్టడమే ముఖ్యం.

పెద్దమ్మ: ఏ ఆకైనా ఒకటే అయినప్పుడు ఆకుతో పనేముంది? నేను గుమ్మిలో వడ్లు పోసేటప్పుడు ఎండిన వేపాకు కలుపుతాను. దాని బదులు మామిడాకు వేస్తే పురుగు ఆగదు. వేపలోని చేదు పురుగును తిననివ్వదు, పెరగనివ్వదు. నీ ఆకు ఏ పని చేస్తుందో చెప్పు, నేనూ కాలుస్తాను.

బిడ్డ: నన్ను ఆపి నిలబెడుతుంది. అదే దాని పని. నగరంలో బియ్యం కావాలంటే ఫోనులో నొక్కితే చాలు, సంచి గుమ్మం ముందుకు వస్తుంది. ఆ గింజ ఏ మడిలో పండిందో, ఎవరి నడుము వంగితే మొలిచిందో తలుచుకునే సందు లేదు. ఆకు మీద ఆ నాలుగు మాటలు రాసే సేపైనా తలుచుకుంటాను. నువ్వు చేసిందీ అదే కదా? కల్లంలో రాశికి మొక్కేదానివి. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని 'ఒకటి' అనకుండా 'లాభం' అనేవారట, ఏడో కుంచం దగ్గర 'ఏడు' అనకుండా 'ఆరున్నొకటి' అనేవారట. అది మంత్రం కాదా?

(కుంచం చూడని వాళ్ల కోసం: నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. పుట్టెడు వడ్లు కొలవాలంటే ఒక మనిషి ఎనభై సార్లు వంగి లేవాలి. ఆ ఎనభై సార్లూ గొంతెత్తి లెక్క చెప్పేవారు, చుట్టూ నిలబడిన వాళ్లు వినేవారు. నాకు ఆ లెక్కలో నచ్చేది ఇదే. దొంగతనానికి చోటు లేదు.)

పెద్దమ్మ: మంత్రమే అనుకో. లాభం అన్నందుకు ఒక్క గింజ పెరగలేదు. అయినా ఇప్పుడు కుంచం ఎక్కడుంది? కోత మిషన్ నుంచి ట్రాక్టరులోకి, ట్రాక్టరు నుంచి కొనుగోలు కేంద్రానికి. తేమ 17 శాతం దాటితే తూకం వేయరు. రోడ్డు పక్కన పరదా మీద ఆరబోసి, మబ్బు పడితే కప్పి, ఎండ వస్తే విప్పి, కాళ్లతో చాళ్లు తీసుకుంటూ తిరగేసి, రాత్రి ఆ కుప్ప పక్కనే పడుకున్నాను. ఇంతా చేశాక తాలు ఉందనీ, మట్టి ఉందనీ బస్తాకు ఇంత అని తరుగు తీశారు. మా నాయన లాభంతో మొదలుపెట్టిన లెక్క నా చేతికి వచ్చేసరికి తరుగుతో మొదలవుతోంది. సమృద్ధి గడపలోంచి రావడం మాట దేవుడెరుగు, కాంటా దగ్గర పోకుండా చూడు. అక్కడికి నలుగురు ఆడవాళ్లం కలిసి వెళ్లి, తరుగు ఎంతో కాగితం మీద రాసివ్వమని నిలదీశాం. నా దృష్టిలో సమృద్ధి కోసం చేసిన పూజ అది.

బిడ్డ: కాంటా దగ్గర అడగవద్దని నేనెక్కడ అన్నాను? ఈసారి సెలవు పెట్టి నేనూ వస్తాను. కానీ పొద్దస్తమానం నిలదీస్తూ బతకలేం కదా పెద్దమ్మా. చేతికి వచ్చినదాన్ని చూసి సంతోషపడే వేళ ఒకటి ఉండాలి.

పెద్దమ్మ: ఆ వేళ మన దగ్గర లేదా? వాళ్ల పంట పండుగ ఎప్పుడన్నావు?

బిడ్డ: మొదటిది ఆగస్టు 1న, లామస్. ఇంగ్లాండులో కొత్త గోధుమపిండితో రొట్టె కాల్చే రోజు. రెండోది సెప్టెంబరు 22 ప్రాంతంలో, పగలూ రాత్రీ సమానమయ్యే రోజున. దాన్ని మేబన్ అంటారు. ఆ పేరు మాత్రం 1970లలో అమెరికాలో పెట్టుకున్నదే.

పెద్దమ్మ: ఆగస్టు మొదట్లో మనకు నారు మడిలో ఉంటుంది. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారా అని డ్యామ్ వైపు చూసే రోజులవి. సెప్టెంబరులో వరి పిలకలు వేస్తూ ఉంటుంది. మోకాలు దాటని పైరును చూసి పంట వచ్చిందని మొక్కుతావా?

బిడ్డ: నువ్వు వరి మాటే మాట్లాడుతున్నావు. కాలువ రాకముందు ఈ నేలలో ఏం పండేది? పాలమూరు వైపు చెలకల్లో ఇప్పటికీ ఏం పండుతుంది? పెసలు, మక్కలు, సజ్జలు, నువ్వులు. అవన్నీ చేతికి వచ్చేది ఆ రోజుల్లోనే. గట్ల మీద గునుగు, తంగేడు పూసేదీ అప్పుడే, బతుకమ్మ వచ్చేదీ అప్పుడే. సద్దుల నాడు నువ్వులు వేయించి దంచుతావు, మక్కపేలాలతో సత్తుపిండి చేస్తావు, రొట్టె చిదిమి బెల్లం, నెయ్యి కలిపి మలీద చేస్తావు. చెరువుగట్టున అందరి చేతుల్లో తలా పిడికెడు పెడతావు. పూజారి లేడు, సంస్కృతం లేదు, ఆడవాళ్లు పాడి, ఆడవాళ్లు పంచే పండుగ. వాళ్లు మేబన్ నాడు చేసేది దీనికి ఎంత దూరం?

పెద్దమ్మ: ఆ మాట ఒప్పుకుంటాను. చెలక పంటల లెక్క వేరే. కానీ మరి బతుకమ్మ ఉండగా ఊదడం ఎందుకు, కాల్చడం ఎందుకు?

బిడ్డ: ఎందుకంటే బతుకమ్మ ఒక్కతి ఆడేది కాదు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో, గ్యాస్ పొయ్యి ముందు నేను ఒంటరిగా ఉంటాను. నాకు సరిపడేది కావాలి. వాళ్లు కూడా కోతలో చివరి గోధుమ కట్టతో బొమ్మ అల్లి, చలికాలమంతా ఇంట్లో దాచి, వసంతంలో మొదటి చాలులో కలిపి దున్నేవారట. నువ్వు దర్వాజకు కట్టిన వరి కంకుల కుచ్చు చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

పెద్దమ్మ: నా కుచ్చు పిచ్చుకల కోసం. మిగలదు, మిగలకూడదు కూడా. సరే, ఇది చిన్న విషయం. పెద్ద విషయం చెబుతాను, కూర్చో. నిన్న మీ పెద్దనాన్నతో ఫోనులో 'నేను వంటింటి మంత్రగత్తెను' అని నవ్వుతూ అన్నావు. ఆ పేరు ఇక్కడ అనకు.

బిడ్డ: అవమానించడానికి వాడిన పేరు కాబట్టే తలెత్తుకుని చెబుతున్నాను. 15వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం దాకా యూరప్‌లో ఆ నింద వేసి 40 వేల నుంచి 60 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే. బ్రిటన్‌లో మంత్రవిద్య మీద 1735లో చేసిన చట్టం 1951లో గానీ రద్దు కాలేదు. 1954లో గెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఇంగ్లీషాయన, ఇప్పుడు విక్కా అని పిలిచే ఆ మంత్రవిద్య మతం గురించి పుస్తకం రాశాడు. ఆ తర్వాత ఎందరో ఆడవాళ్లు ఆ పేరును తమదని చెప్పుకున్నారు. దాచుకుంటే నింద బతికే ఉంటుంది.

పెద్దమ్మ: అక్కడ ఆ చంపడాలు ఆగిపోయి రెండు వందల ఏళ్లు దాటింది. ఇక్కడ ఆగలేదు. బాణామతి చేసిందని చెట్టుకు కట్టేసి కొట్టారనీ, పళ్లు ఊడగొట్టారనీ మన తెలంగాణ పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు? ఎవరి మీద పడతారో గమనించు. మొగుడు పోయిన మనిషి, పాలివాళ్లతో భూమి తగాదా ఉన్న మనిషి, నాలుగు మందు వేర్లు తెలిసిన ముసలి మనిషి. పక్కింటి దూడ చచ్చిపోతే, పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే, ఆమె గడప ముందు నిమ్మకాయ ఉందా, పొడి ఉందా అని వెతుకుతారు. పొడి లేకపోయినా ఉందంటారు. ఇలాంటి దారుణాల మీద చట్టం కావాలని మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ ఏళ్ల తరబడి పోరాడాడు. 2013 ఆగస్టు 20న పూణేలో ఆయనను కాల్చి చంపాక గానీ అక్కడ ఆ చట్టం రాలేదు. సంఘం సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు మా వాళ్లలో ఇద్దరు ఏడ్చారు. ఎందుకు ఏడ్చారో నేను అడగలేదు.

బిడ్డ: మరి ఆ ముసలామె పక్షాన నిలబడాలంటే నేను భయపడకూడదు కదా?

పెద్దమ్మ: నిలబడు. పోలీస్ స్టేషన్ దాకా ఆమె వెంట నడువు. ఆమె పేరు పెట్టుకుంటే ఆమెకు ఒరిగేది ఏమిటి? నీకు జీతం ఉంది, చదువు ఉంది, సాయంత్రం బస్సు ఉంది. నువ్వు మంత్రగత్తెనని చెప్పినా నీ పళ్లకు వచ్చిన ముప్పేమీ లేదు. ఆమె ఆ మాట అనకపోయినా ఆమె పళ్లు ఊడతాయి.

బిడ్డ: ఈ ఊళ్లో ఆ పేరు అనను. నేను చేసే పని మాత్రం మానను.

పెద్దమ్మ: మానమనలేదు. ఇంతకీ కృతజ్ఞత అన్నావు, ఎవరికి?

బిడ్డ: నేలకు, నీటికి, ఎండకు.

పెద్దమ్మ: నేల నీ మాట వినదు, ఎండకు నీతో పని లేదు. వినే చెవులున్న వాళ్లను వదిలేశావు. నాటు వేసిన ఎనిమిది మంది ఉన్నారు. కలుపు తీసిన వాళ్లున్నారు. బస్తాలు లారీకి ఎత్తిన హమాలీలు ఉన్నారు. వెనుకటికి కల్లం నుంచి బండి కదలకముందే కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి కొలిచి ఇచ్చేవాళ్లం. చేయి చాచిన వాళ్లకు దోసిలి వడ్లు పోసేవాళ్లం. కోసిన మడిలో పిల్లలు పరిగె ఏరుకుంటే అడ్డు చెప్పేవాళ్లం కాదు. ఇప్పుడు మిషన్ కోసిన మడిలో ఏరుకోవడానికి కంకులే ఉండవు. ఆ గింజలు పోయిన చోట నువ్వు దాల్చినచెక్క పొడి పెడుతున్నావు. అది ఎవరి కడుపూ నింపదు.

బిడ్డ: ఆ దోసిలి గురించే అడుగుతాను పెద్దమ్మా, కోపం తెచ్చుకోకు. ఎవరి చేతిలోంచి ఎవరి కొంగులోకి పోసేవారు? ఎత్తునుంచి పోసేవారా, చేతికి ఇచ్చేవారా? కమ్మరికి కొలిచి ఇచ్చింది కృతజ్ఞతా, ఏడాది చాకిరీకి చవకగా కట్టిన కూలీనా? వెట్టి చేసినవాడికి ఏం కొలిచారు? చాకలి ఐలమ్మ మన పాత నల్లగొండ జిల్లా మనిషే. అప్పుడు జనగామ తాలూకా ఇందులోనే ఉండేది. పాలకుర్తిలో కౌలుకు తీసుకుని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, ఆమె ఆంధ్ర మహాసభ సంఘాన్ని అండగా పెట్టుకుని గింజలు తన ఇంటికి చేర్చుకుంది. ఆమెకు దోసిలి వడ్లు కాదు, తన వడ్లు తనకు కావాలి. నాటు వేసిన వాళ్లకు తిండి ఎక్కడ పెట్టేవారో అమ్మ చెప్పింది. పశువుల కొట్టం పక్కన. ఈ వంటింట్లోకి వాళ్లు ఎన్నడైనా వచ్చారా? నా పద్ధతి ఎవరి కడుపూ నింపకపోవచ్చు. కానీ అది ఎవరినీ గడప బయట నిలబెట్టదు.

పెద్దమ్మ: (కాసేపటికి) మా అత్తగారి కాలంలో రాలేదు. నేను వచ్చాక అరుగు దాకా వచ్చారు. కూలీ చెప్పిన రోజున చెప్పినంత ఇస్తున్నాను, బాకీ పెట్టలేదు. లోపలికి రమ్మని మాత్రం నేను పిలవలేదు, వాళ్లు అడగలేదు.

బిడ్డ: అడగాల్సింది వాళ్లు కాదు.

పెద్దమ్మ: కాదు. పాలు పొంగాయి, మంట తగ్గించు. బియ్యం పొయ్యి. పాయసం నీ ఇష్టం వచ్చిన వైపు కలుపు, అడుగంటితే మాత్రం ఒప్పుకోను. ఇప్పుడు తెచ్చిన గిన్నె చాలదు, అటక మీది పెద్దది దించు. నేను ఎస్సీ కాలనీకి వెళ్లి ఎనిమిది మందినీ పిలుచుకుని వస్తాను.

బిడ్డ: నేనూ వస్తాను. ఫోను చేసి చెబితే సరిపోదా అని నువ్వు అనలేదు, సంతోషం. ఒకవేళ రామంటే?

పెద్దమ్మ: ఇన్నేళ్ల తర్వాత పిలిస్తే రామనే హక్కు వాళ్లకుంది. అప్పుడు గిన్నె మనమే మోసుకుని వెళ్దాం. కూర్చోమంటే వాళ్లింట్లో కూర్చుని వాళ్లతోపాటే తిందాం. వద్దంటే గిన్నె అక్కడ పెట్టి వద్దాం.